కోత మిషన్ రావాలంటే మడి ఎట్ల ఉండాలి?

మన మిల్లు కుటుంబాల్లో చానా మందికి సొంతూర్లో అరెకరమో, ఎకరమో భూమి ఉంది. రిటైరైనాక ఊరికొచ్చి సేద్యం చూసుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

గుడియాత్తం నుంచి చిత్తూరు పోయే దారిలో మా పరదరామి. ఇక్కడ వరికోతకు కొడవలి పట్టే కూలోళ్ళు దొరకడం కష్టమైపోయింది. మిషనైతే ఎకరా పైరును గంట, గంటన్నరలో కోసి, నూర్చి, వడ్లు చేతికిస్తుంది. కానీ బాడుగ గంటల లెక్కన. మడి అనుకూలంగా లేకపోతే గంట పని రెండు గంటలవుతుంది, దుడ్లూ రెండింతలవుతాయి.

మిల్లులో కొత్త మగ్గాలు దించేముందు నేల సమం చేసేవాళ్ళం, నూలు కూడా గట్టిది కావాల్సి వచ్చేది. సేద్యమూ అంతే. మన పెద్దలు మళ్ళు కట్టింది మనిషికీ ఎద్దుకూ తగినట్టు. పది సెంట్లకొక మడి, వంకర గెనిమలు. మిషన్ కత్తి ఆరేడు అడుగుల వెడల్పు. చిన్న మడిలో అది కోసేదానికన్నా తిరిగేదే ఎక్కువ. మూలల్లో మళ్ళీ కొడవలే. అందుకే ఇప్పుడు గెనిమలు తీసి మళ్ళు కలుపుతున్నారు.

కలపొచ్చు, కానీ చూసి కలపాలి. ఒక మడి ఎత్తు, ఒకటి పల్లం ఉంటే ముందు పైమన్ను తీసి పక్కన పోయండి. కింద సమం చేసి, ఆ మన్నే తిరిగి పరవండి. సారమంతా పైమన్నులోనే ఉంది. తేడా మరీ ఎక్కువుంటే గెనిమ ఉండనీయండి, మిషన్ ఎక్కేదానికి ఒకచోట వాలు చేస్తే చాలు.

నీళ్ళు పోయేదానికి పల్లం వైపు మడవ పెట్టండి. కోతకు వారం, పది రోజుల ముందే నీళ్ళు తీసేయాలి. తడి మడిలో టైర్ల మిషన్ దిగబడుతుంది. అక్కడ బెల్టు మిషనే మేలు.

మిషన్ మన మడికి రావాలంటే పక్కోళ్ళ మడి తొక్కాలి. అందుకని నాట్లప్పుడే మాట్లాడుకుని అందరూ ఒకే రకం, ఒకే వారంలో నాటితే కోత ఒకేసారి వస్తుంది, దారి తగాదా ఉండదు.

అన్నదమ్ముల మధ్య గెనిమ తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ముందు సర్వేయరుతో కొలిపించి, రెండు పక్కలా రాళ్ళు నాటించండి. ఇప్పుడు మీరిద్దరూ బాగుండొచ్చు. రేపు బిడ్డలకు హద్దు తెలియాలి కదా.

పోయేవి కూడా లెక్కేసుకోండి. గెనిమ మీద కందులు, ఆవుకు పచ్చిగడ్డి వచ్చేవి. మిషన్ కోస్తే వరిగడ్డి నలిగి చెదిరిపోతుంది. ఆవులున్నవాళ్ళు కొంత కొడవలితో కోయించుకోవడం మంచిది.

చెరుకు వేసేవాళ్ళు నాటేటప్పుడే ఆలోచించాలి. రెండున్నర, మూడడుగుల సాళ్ళలో చెరుకుకోత మిషన్ దిగితే మోళ్ళు తొక్కేస్తుంది, రెండో పంట దెబ్బతింటుంది. ఐదడుగుల ఎడం కావాలి.

గెనిమ తీయడం ఒక పూట పని. కాబట్టి తొందర లేదు. ఇంటోళ్ళతో, పక్క మడోళ్ళతో కూర్చుని మాట్లాడుకున్నాకే పార పట్టండి.