చప్పుడులో సంగీతం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లొచ్చే మనకు పాటలంటే సినిమా పాటలే. మాలో కొందరం ఈమధ్య 'బ్లాక్ మెటల్' అనే సంగీతానికి అలవాటుపడ్డాం. "ఆ గోలేంట్రా?" అని గదిలో అందరూ అడుగుతున్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు.

నార్వేకు చెందిన ఎంపరర్ బృందం 1994లో విడుదల చేసిన 'ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్' ఆల్బమ్‌నే తీసుకుందాం. మొత్తం 8 పాటలు. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కితే మియాపూర్ చేరేసరికి దాదాపు అయిపోతాయి. మొదటిసారి వింటే అంతా ఒకటే హోరు. గిటార్ తీగను ఆపకుండా అతివేగంగా మీటుతారు. డ్రమ్ములు జడివానలా మోగుతాయి. గాయకుడు పాడుతున్నట్టుండదు, అరుస్తున్నట్టుంటుంది. నాలుగైదుసార్లు విన్నాక ఆ హోరు వెనక కీబోర్డుపై నిదానంగా సాగే రాగం చెవికి అందుతుంది. చలిరాత్రి అడవిలో ఒంటరిగా నిలబడ్డట్టుంటుంది. ఆ రాగాన్ని వెతుక్కుంటూ వినడంలోనే అసలు ఆకర్షణ ఉంది.

ఒక విషయం దాచకూడదు. ఆ బృందంలో కొందరు చర్చి దహనం, హత్య వంటి నేరాలకు జైలుకెళ్లారు. సంగీతం నచ్చినంత మాత్రాన ఆ నేరాలను సమర్థించలేం.

మన డప్పును కూడా ఎందరో ఉత్త చప్పుడని తీసిపారేశారు. చిర్ర, సిటికెన పుల్ల పలికే తేడా, పెళ్లి దరువుకూ చావు దరువుకూ ఉన్న తేడా తెలిసినవారికి అది సంగీతం. డప్పును గోల అంటే నొచ్చుకునే మనం, తెలియని సంగీతాన్ని ఒక్కసారి విని గోల అనేయడం న్యాయమా? వినండి. నచ్చకపోతే మానేయండి, కానీ విన్నాకే!