చక్రాల మీద ఇల్లు, శరత్కాలపు కొండలు: మీకు తెలుసా?

వానలు తగ్గాయి, ఆశ్వయుజం వచ్చింది, దసరా సెలవులూ కలిసొచ్చాయి. కొండలెక్కడానికి ఇంతకంటే మంచి రోజులేవి? హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో మొదలుపెట్టి అమెరికా అడవుల దాకా ఏరుకొచ్చిన వింతలివి. వరసంటూ ఏమీ లేదు, ఎక్కడి నుంచైనా చదువుకోండి!

మొదటి కొండకి బండి కూడా అక్కర్లేదు. బిర్లా మందిర్ ఉన్న నౌబత్ పహాడ్ హిమాయత్‌నగర్‌కి పక్కనే. మరి దాని వయసు హిమాలయాల వయసుకి యాభై రెట్లని తెలుసా? హైదరాబాద్ గ్రానైటు పుట్టి దాదాపు 250 కోట్ల ఏళ్లయింది. హిమాలయాలు పైకి లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లే! అన్నట్టు, ఆ గుళ్లో గంట కోసం వెతక్కండి. ధ్యానానికి అడ్డమని కట్టేటప్పుడే వద్దనుకున్నారు.

అరకు ఎక్కామని గొప్పలు పోతున్నారా? విశాఖ వాళ్లయితే సముద్రం ఒడ్డు నుంచి 900 మీటర్ల పైచిలుకు ఎక్కినట్టే. హైదరాబాద్ వాళ్లు ఎక్కింది మాత్రం నికరంగా 370 మీటర్లే! మన ఊరే సముద్రమట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తున కూర్చుంది మరి.

వికారాబాద్ అనంతగిరి కొండల్లో నడిచేవాళ్లు కాళ్ల కింద చూసుకోండి, మూసీ నది పుట్టేది అక్కడే! 1908 సెప్టెంబర్ 28న ఆ మూసీయే పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మళ్లీ అలాంటి వరద రాకుండా కట్టిన రెండు జలాశయాల్లో ఒకటి హిమాయత్‌సాగర్. దానికీ మన హిమాయత్‌నగర్‌కీ పేరు ఒక్కరిదే: ఏడో నిజాం కొడుకు హిమాయత్ అలీ ఖాన్.

తెలుగువాళ్లకి కారవాన్ అనగానే షూటింగ్ దగ్గర ఆగిన హీరోగారి బండే గుర్తొస్తుంది. కానీ సరదాగా తిరగడానికంటూ కట్టించుకున్న తొలి కారవాన్ 1885 నాటిది, దాన్ని లాగింది రెండు గుర్రాలు! విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండ్ వైద్యుడు రెండు టన్నుల ఆ బండికి ‘ది వాండరర్’ అని పేరు పెట్టి బ్రిటన్‌లో ఊళ్లు తిరిగాడు. ఇంజిను లేదు, ఏసీ లేదు, అయినా దర్జాకి లోటు లేదు.

అమెరికాలో ఆర్వీ అనే ఈ చక్రాల ఇళ్లలో ఫ్రిజ్ దేనితో చల్లబడుతుందో చెప్పుకోండి చూద్దాం... మంటతో! చాలా బళ్లలో ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉండదు. చిన్న గ్యాస్ మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేస్తే, ఆవిరై విడివడిన అమ్మోనియా గొట్టాల్లో తిరిగి లోపలి వేడిని లాగేస్తుంది. ఒక్కటే చిక్కు: బండి ఒక పక్కకి బాగా ఒరిగి నిలిచిందంటే ఆ ద్రవం సరిగ్గా పారదు, ఫ్రిజ్ మొరాయిస్తుంది. అందుకే కొండవాలులో ఆగగానే అనుభవమున్నవాళ్లు చేసే మొదటి పని చక్రాల కింద చెక్కలు పెట్టి మట్టం చూసుకోవడం. టీ తర్వాతే!

ఇంకో వింత. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పదకొండు టన్నుల బరువున్న ఆర్వీని మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు! పెద్ద బండి లైసెన్సు అడిగేది 26,000 పౌన్లు, అంటే దాదాపు 11,800 కిలోలు దాటాకే. మైలేజీ మాత్రం అడక్కండి. పెద్ద ఆర్వీలు లీటరుకి మూడు, నాలుగు కిలోమీటర్లిస్తే గొప్ప. నిండా జనంతో వెళ్లే మన ఆర్టీసీ బస్సు వాటికంటే నయం.

ఈ బళ్లలో నీళ్ల ట్యాంకులు ఒకటి కాదు, మూడు! మంచినీళ్లకొకటి, స్నానం, గిన్నెల నీళ్లకొకటి, మూడోది... మీరు ఊహించిందే. దాన్ని ఖాళీ చేసే వంతు ఎవరిదన్న దగ్గర ఎంత అన్యోన్యమైన కుటుంబంలోనైనా చిన్న పేచీ తప్పదు.

ఆకులు శరత్కాలంలో పసుపు రంగు ‘అద్దుకుంటాయి’ అనుకుంటున్నారా? ఆ పసుపు ఏడాదంతా ఆకులోనే ఉంటుంది! చలికి పచ్చని పత్రహరితం కరిగిపోయాక కిందున్నది బయటపడుతుందంతే. ఎరుపు సంగతి వేరు. మేపుల్ లాంటి చెట్లు రాలిపోయే ముందు ఆకులో దాన్ని కొత్తగా తయారుచేసుకుంటాయి.

మన కొండల్లో ఆ ఎర్రాకుల సంబరం లేదని బాధపడకండి. ఆకుల్లో లేని రంగు పూలల్లో ఉంది! దసరా వెళ్లాక అరకు లోయలో వలిసె పూలు విచ్చుకుంటే వాలు వాలంతా పసుపే; పిల్లలు ఫొటోల కోసం నడుముల్లోతు దిగే ఆ చేలు నిజానికి నూనెగింజల పంట. తెలంగాణ గుట్టల మీది తంగేడు, గునుగు అయితే ఏకంగా బతుకమ్మలోకే ఎక్కుతాయి. 2016 అక్టోబర్ 8న హిమాయత్‌నగర్‌కి దగ్గర్లోని ఎల్‌బీ స్టేడియంలో 9,292 మంది ఆడవాళ్లు ఒక్కసారి బతుకమ్మ ఆడి గిన్నిస్ పుస్తకంలోకెక్కారు!

ఒకే చెట్టు 43 హెక్టార్లు ఆక్రమించగలదా? అమెరికాలోని యూటా కొండల్లో ‘పాండో’ ఆక్రమించింది! చూడటానికి 47,000 ఆస్పెన్ మానులున్న అడవి; తవ్వి చూస్తే అన్నీ ఒకే వేరు మీద లేచిన ఒకే జీవి. శరత్కాలం వచ్చిందంటే అడవి బంగారు రంగుకి తిరిగిందని అందరూ అంటారు, తిరిగేది ఒక్క చెట్టే.

అమెరికాలోనే బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి పొడవు 755 కిలోమీటర్లు. దాన్ని కట్టడానికి పట్టింది 52 ఏళ్లు! 1935లో మొదలుపెట్టారు. గ్రాండ్‌ఫాదర్ అనే కొండని గాయపరచకుండా దారి తీయడం కుదరక చివరి ముక్క మిగిలిపోయింది, ఆఖరికి కొండ పక్కన గాల్లో వంతెన వేసి 1987లో పూర్తిచేశారు. ఆ దారిలో సరుకుల లారీలకి ప్రవేశం లేదు, ఎంత తొందరున్నా గంటకి 72 కిలోమీటర్లు దాటకూడదు. ఆకులు చూడటానికొచ్చినవాళ్లకి అంతకంటే వేగమెందుకు!

ఆ దారి చివర తగిలేది స్మోకీ కొండలు. అమెరికా జాతీయ పార్కుల్లో అన్నిటికంటే ఎక్కువ మంది వెళ్లేది దానికే, ఏడాదికి కోటి పైమాటే. అయినా ప్రవేశ రుసుము లేదు! టెనెస్సీ రాష్ట్రం అప్పట్లో తన రోడ్డుని అప్పగిస్తూ ‘దీనిమీద సుంకం వసూలు చేయకూడదు’ అని షరతు పెట్టింది, ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది. బండి ఆపుకోవడానికి మాత్రం డబ్బులు కట్టాలి లెండి.

అక్కడి నల్ల ఎలుగుబంటి శరత్కాలంలో రోజుకి 20,000 కేలరీల దాకా లాగించగలదు. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు వందల ఇడ్లీలు! చలికాలమంతా తిండి మానేసి పడుకోవాలి కదా, అందుకీ ఆరాటం. అందుకే అక్కడ టెంటులో పులిహోర డబ్బా పెట్టుకుని నిద్రపోవడం మంచిది కాదు. అట్లాంటి చోట తిండికి ఎలుగు తెరవలేని ఇనప పెట్టెలుంటాయి.

తెలుగువాళ్లున్న చోట కొండా, వెంకన్నా కలవకుండా ఉంటారా? పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ వాలు మీద వేంకటేశ్వరుడి గుడి 1977లోనే వెలిసింది! హిమాయత్‌నగర్‌లో గుడి నడిపే తిరుమల తిరుపతి దేవస్థానమే దానికీ చేయందించింది. శరత్కాలంలో అక్కడ గోపురం తెల్లగా, చుట్టూ కొండ ఎర్రగా.

అసలు తిరుమలలోనే ఒక గొప్ప వింత ఉంది, బస్సులో వెళ్లేవాళ్లలో నూటికి తొంభై మంది చూడరు. ఘాట్ రోడ్డు మలుపులో కొండ కోసిన చోట కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా మరో రాయి, మధ్యలో ఒక గీత కనిపిస్తాయి. ఆ గీత మీద వేలు పెడితే వేలికి ఇటూ అటూ మధ్య 50 కోట్ల ఏళ్లకి తక్కువ కాని ఎడం! ఆ కాలంలో ఏం జరిగిందో చెప్పే పొరలే అక్కడ లేవు, చరిత్ర పుస్తకంలో బోలెడు పేజీలు చింపేసినట్టు. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కాపాడుతున్నారు. నడిచి ఎక్కేవాళ్లకి అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఈ గీతకి మాత్రం మెట్టు ఎక్కక్కర్లేదు, కిటికీ పక్క సీటు చాలు.

తూర్పు కనుమల పెద్ద శిఖరాల్లో ఒకటైన అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లు. అలాంటివి అయిదు ఒకదానిమీదొకటి పేర్చినా ఎవరెస్ట్‌కి ఇంకా 400 మీటర్లకు పైగా తక్కువే! అలాంటి ఎవరెస్ట్‌ని నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎక్కేసింది, పద్నాలుగేళ్లు నిండకుండానే! తొలి పాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి బండ మీద. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ 172 రోజుల్లో ముగించాడు. మనం అదే సమయంలో దసరా టికెట్లు దొరుకుతాయో లేదో అని చూస్తుంటాం!

కొండ మీద అన్నం ఉడకడం లేదని వంటమనిషిని తిట్టకండి. అరకులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, లేహ్‌లో అయితే 88 దగ్గరే! పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తొందరపడతాయి, బియ్యం తొందరపడదు. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి.

నల్లమలలో నీలం రంగు సాలీడు ఉందని విన్నారా? 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది, ఆ తర్వాత 102 ఏళ్లు పత్తా లేదు! 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. దాని అసలు ఇల్లు అదేనట. గుత్తికి బహుశా కలపతో పాటు రైలెక్కి వచ్చింది.

ఒక పిట్ట కోసం కాలవ పక్కకి జరిగిందంటే నమ్ముతారా? కడప లంకమల అడవుల్లోని కలివికోడి జానెడు పిట్ట. 1900 నుంచి కనిపించక ఇక లేదనుకున్నది 1986లో రాత్రివేళ బయటపడింది, దాని ఇల్లు చెడకుండా తెలుగుగంగ కాలవ దారే మార్చారు!

ఇక బయల్దేరేవాళ్లకి ఒక్క లెక్క. హిమాయత్‌నగర్ టూరిజం హౌస్‌లో టికెట్ కొన్నా, సొంత కారు తీసినా, శ్రీశైలం వెళ్లాలంటే అమ్రాబాద్ పులుల అడవి దాటాల్సిందే. 2,611 చదరపు కిలోమీటర్ల అడవి, 650 చదరపు కిలోమీటర్ల నాటి జీహెచ్ఎంసీలు నాలుగు పట్టేంత! పులులకి నిద్రాభంగం కాకుండా మన్ననూరు గేటు రాత్రి 9కి మూస్తే మళ్లీ తెరిచేది పొద్దున 6కే. దారిలో మిర్చి బజ్జీల దగ్గర ఆలస్యమైందా? ఇక ఆ రాత్రికి మీ కారే మీ కారవాన్!