పడుకుని తొక్కితే సైకిల్ ఎందుకు జోరుగా పోతుంది?

అంచెట్టి కొండదారిలో చలికాలం పొద్దున సైకిల్ తొక్కితే ఎదురుగాలి రొమ్మును వెనక్కి నెడుతుంది కదూ! మరి వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిల్ ఎలా సులువుగా సాగుతుంది?

ఎదురుగాలిలో గొడుగు విప్పి ముందుకు పట్టుకోండి, అడుగు పడదు. మడిస్తే హాయిగా నడుస్తారు. ఒళ్లు వాలిస్తే జరిగేదీ అదే: గాలికి తగిలే మేర తగ్గుతుంది, అడ్డూ తగ్గుతుంది. చల్లగాలి వేడిగాలి కంటే చిక్కన. అందుకే చలికాలంలో ఈ లాభం ఇంకాస్త ఎక్కువ. వీపుకు ఆసరా ఉంటుంది కాబట్టి ఎంతదూరమైనా మణికట్ల మీద బరువు పడదు.

1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైకిల్ పందెగాడు ప్యారిస్‌లో ఇలాంటి సైకిల్‌పై గంటలో 45 కిలోమీటర్లు దాటాడు!

ఎక్కుడులో మాత్రం ఈ సైకిల్‌ను లేచి నిలబడి తొక్కలేం. అక్కడ చిన్న గేరు వేసి, నిదానంగా తొక్కాలి.