జెట్ పోయినా బాడీ దక్కాలి

కార్బురేటర్ విప్పి చూసేసరికి జెట్ మీది గాడి అరిగిపోయి, స్క్రూడ్రైవర్‌కి పట్టు దొరక్క జారిపోతోందంటే ఆ జెట్ పని అయిపోయినట్టే. అక్కడి నుంచి కాపాడుకోవలసింది జెట్‌ని కాదు, అది బిగుసుకుపోయి కూర్చున్న బాడీని. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. ఎలాగైనా ఆ జెట్టే బయటికి రావాలి, కడిగి మళ్లీ దాన్నే బిగించాలి అన్న పట్టుదలతో బలం పెంచుకుంటూ పోతారు. చివరికి జెట్ చితికిపోతుంది, దాని చుట్టూ ఉన్న గోడ పగులుతుంది. జెట్ చిన్న ఇత్తడి ముక్క, కొత్తది కొనుక్కోవచ్చు. బాడీ సంగతి అలా కాదు. యమహా ఆర్‌ఎక్స్100 తయారీ 1996లోనే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. మన రోడ్ల మీద తిరుగుతున్న పాత బండ్ల ఒరిజినల్ కార్బురేటర్లు ఇక తరిగేవే తప్ప పెరిగేవి కావు.

జెట్ మీద ఆశ ఎందుకు వదులుకోవాలో దాని పనిని బట్టి తెలుస్తుంది. కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెను తీస్తే మామూలుగా రెండు జెట్లు కనిపిస్తాయి. యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు పెట్రోలు పోయేది మెయిన్ జెట్ గుండా. పైలట్ జెట్ చిన్నది, తరచు ఒక గొట్టంలో లోతుగా దిగి ఉంటుంది; బండి స్లోలో నిలకడగా ఆడటం దాని చలవే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. 0.40 మిల్లీమీటర్ల రంధ్రాన్ని తీగతో పొడిచి 0.44 చేశారనుకోండి. వ్యాసం పెరిగింది పదో వంతే, కానీ పెట్రోలు పోయే దారి వైశాల్యం 21 శాతం పెరిగింది. ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా బండి కుదురుకోదు. అంటే నానా తంటాలు పడి బయటికి లాగిన పాత జెట్, తల చితికి, రంధ్రం సాగి, మళ్లీ వేయడానికి పనికిరాని స్థితిలోనే చేతికొస్తుంది. దాని కోసం బాడీని పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

జెట్ బిగుసుకుపోవడానికి కారణం తెలిస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. జెట్ ఇత్తడి, బాడీ సాధారణంగా జింక్ మిశ్రమంతో పోత పోసింది. రెండు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ తడిలో ఉంటే వాటి మధ్య సన్నని విద్యుత్ ప్రవాహం పుట్టి, రెంటిలో బలహీనమైనది కరగడం మొదలవుతుంది. ఇక్కడ కరిగేది ఇత్తడి కాదు, జింక్. మరల మధ్య తెల్లటి పొడి పేరుకుని జెట్‌ని పట్టేస్తుంది. తడి ఎక్కడి నుంచి వచ్చిందంటే, పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ నీటిని పీల్చుకునే గుణం ఉన్నది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతుంది. జెట్లు ఉండేది ఆ అడుగునే. నెలల తరబడి కదలని బండిలో జరిగేది ఇదే. కాబట్టి జెట్ మొరాయిస్తోందంటే దాన్ని పట్టుకున్న బాడీ మరలు అప్పటికే కొంత కరిగిపోయి, బలం తగ్గి ఉన్నాయని అర్థం చేసుకోవాలి.

ఇక గాడి అరగడం మాత్రం తుప్పు చేసే పని కాదు, స్క్రూడ్రైవర్ చేసే పని. మామూలు స్క్రూడ్రైవర్ కొస ఆప్పులా ఏటవాలుగా ఉంటుంది. అది గాడి అడుగుదాకా నిండుగా కూర్చోక పై అంచుల మీదే ఆనుతుంది. తిప్పగానే పైకి ఎగదన్ని ఆ మెత్తటి ఇత్తడి అంచులను చెక్కేస్తుంది. లోతుగా ఉన్న పైలట్ జెట్‌తో చిక్కు మరీ ఎక్కువ: వెడల్పాటిది గొట్టంలో దిగదు, సన్నటిది గాడి మధ్యభాగాన్నే పట్టుకుంటుంది. అందుకే మొదట చేయవలసింది కొత్త జెట్ తెప్పించుకోవడం. దాన్ని కొలతగా పెట్టుకుని, గాడి పొడవుకీ మందానికీ సరిగ్గా సరిపోయేలా, రెండు ముఖాలూ సమాంతరంగా ఉండేలా ఒక స్క్రూడ్రైవర్ కొసను అరగదీసి తయారుచేసుకోవాలి. అలాంటిదాన్ని అరిగిన గాడిలో నిలబెట్టి, మీద చిన్న సుత్తితో మెల్లగా రెండు మూడు దెబ్బలు వేస్తే అంచులు కాస్త కూడుకుని పట్టు దొరుకుతుంది. ఆ అదురుకి మరల్లోని పొడి కూడా పగులుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టి ఉంచితే మంచిది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే దానికి బదులు కాదు. అది జిగురును కడుగుతుంది గానీ మరల్లోకి ఇంకి జారుడు ఇవ్వదు.

దీనికీ లొంగకపోతే వేడి. జింక్ మిశ్రమం ఇత్తడి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 5 మిల్లీమీటర్ల మర దగ్గర, గది వేడిమి నుంచి మరిగే నీటి వేడిమికి వెళ్లేసరికి రెంటి మధ్య తేడా సుమారు 3 మైక్రాన్లు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది, కానీ గట్టిపడిన పొడి పట్టును విడగొట్టడానికి అది చాలు. వేడిచేసి చల్లార్చడం రెండు మూడుసార్లు చేస్తే పని ఇంకా తేలికవుతుంది. ఫ్లోట్లు, రబ్బరు రింగులు, డయాఫ్రమ్ అన్నీ తీసేసి, పెట్రోలు చుక్క లేకుండా ఆరబెట్టి, బాడీని మరిగే నీళ్లలో ముంచితే సరిపోతుంది. గ్యాస్ మంట పెడితే ఇంకా త్వరగా అవుతుంది కదా అంటారు. అవుతుంది, బాడీ కరగడం కూడా త్వరగానే అవుతుంది. ఈ జింక్ మిశ్రమం 380 డిగ్రీల సెల్సియస్ దాటాక కరగడం మొదలుపెడుతుంది. మంట మొన వేడి దానికి ఎన్నో రెట్లు. పైగా కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించే ఇనుము లాంటిది కాదు జింక్; చూస్తుండగానే కూలిపోతుంది.

వేడికీ రాలేదంటే ఇక జెట్‌ని బలి ఇవ్వాలి. మెయిన్ జెట్ తల పైకి ఉంటే సన్నటి బ్లేడుతో పాత గాడికి అడ్డంగా కొత్త గాడి కోయవచ్చు. లోతున ఉన్నదానికి డ్రిల్లే దారి. జెట్‌కి నడిమధ్యన రంధ్రం ముందే ఉంది కాబట్టి డ్రిల్ బిట్టు పక్కకి పోకుండా అదే దారి చూపిస్తుంది. ఇక్కడ విరిగిన స్క్రూలు తీసే ఈజీ ఔట్ వాడమని చాలామంది చెబుతారు, దాని కోసమే పుట్టిన పనిముట్టు కదా అని. ఇనుప బోల్టుకి అది సరైనదే. కానీ మొన సన్నగా, మొదలు లావుగా ఉండే ఆ పనిముట్టు లోపలికి దిగేకొద్దీ పల్చటి ఇత్తడి గోడను బయటికి నెడుతుంది. తీయవలసిన జెట్ ఇంకా బిగుసుకుంటుంది. లోపలే విరిగిందా, ఆ గట్టి ఉక్కుని మామూలు బిట్టు తొలవలేదు. అంతకంటే అపసవ్యంగా తిరిగి కోసే డ్రిల్ బిట్టు మేలు. అది కోస్తున్నంతసేపూ జెట్‌ని విప్పే దిశలోనే తిప్పుతుంది. చాలాసార్లు సగంలోనే జెట్ దానంతట అదే తిరిగి వచ్చేస్తుంది. రాకపోతే మర లోతు తగలకముందే, 5 మిల్లీమీటర్ల మరకి 4 మిల్లీమీటర్ల దగ్గర, బిట్టు ఆపి మిగిలిన పల్చటి ఇత్తడి చుట్టను సూది లాంటి మొనతో ఊడదీయాలి. కొత్త జెట్ పొడవు కొలిచి బిట్టు మీద టేపు గుర్తు పెట్టుకోకుండా మాత్రం డ్రిల్ ముట్టుకోకూడదు. జెట్ అడుగు దాటి బిట్టు దిగితే పైలట్ దారి పాడవుతుంది, దాన్ని మళ్లీ ఎవరూ బాగుచేయలేరు.

అసలు జెట్ తీయడం దేనికి, ఉన్నచోటే స్ప్రే కొట్టి గాలి పట్టిస్తే పోలేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. స్ప్రే ధార సన్నగా, నిటారుగా అవతలికి వస్తుంటే, జెట్ సైజు మార్చే పని లేకుంటే, దాన్ని అలాగే వదిలేయడం తెలివైన పని. అయితే పైలట్ జెట్ పక్కల గాలి కలిసే చిన్న రంధ్రాలూ, దాని వెనక థ్రాటిల్ దగ్గర తేలే సన్నని దారులూ జెట్ ఉండగా పూర్తిగా శుభ్రపడవు. బండి చోక్ లాగితేనే నడుస్తూ, చోక్ వదలగానే ఆగిపోతుంటే సాధారణంగా అక్కడే అడ్డు ఉంటుంది; అప్పుడు తీయక తప్పదు.

కొత్త కార్బురేటరే వేయించుకోవచ్చు కదా అనేవారికి, ఒరిజినల్ భాగం ఇంకా దొరికే బండి అయితే, బాడీ మరలు కూడా పోయి ఉంటే, అవుననే సమాధానం. పేరు లేని నకిలీల మాట వేరు. బయటికి అదే ఆకారం, లోపలి దారులూ జెట్ల కొలతలూ వేరు కావచ్చు. వాటికి ఇంజన్‌ని ఒప్పించడం కంటే బిగుసుకుపోయిన ఒక్క జెట్‌ని ఓపికగా తీయడం సులువు. తీశాక ఇత్తడి రజను ఒక్క పలుకు కూడా మిగలకుండా ప్రతి దారిలోనూ స్ప్రే, ఆ వెంట గాలి పట్టించాలి. కొత్త జెట్‌ని మొదట వేళ్లతోనే ఎక్కించి, అడుగు తగిలాక స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా బిగించి వదిలేయాలి.