లంబసింగిలో కనిపించేది ఏ మంచు?

తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే, వస్తువులు మాత్రం నాలుగు. గడ్డి మొనల మీద తడిగా నిలిచేదీ మంచే, తెల్లవారుజామున దారి కనపడకుండా కమ్మేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే, హిమాలయాల్లో దూదిపింజల్లా రాలేదీ మంచే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు పడటానికి సగం కారణం చలి, సగం ఈ మాట. ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో తుళ్లూరు వంటి మైదానపు ఊళ్ల నుంచి కార్లలోనో, నర్సీపట్నం రోడ్డు స్టేషన్‌లో దిగో ఘాట్ ఎక్కేవారిలో చాలామంది ఆ నాలుగో మంచు మీద ఆశతోనే వస్తారు. చలి దొరుకుతుంది. ఆ మంచు దొరకదు.

గాలి పైకి వెళ్లేకొద్దీ పలచబడి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. తుళ్లూరు సముద్రమట్టానికి 50 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ఈ లెక్కన తుళ్లూరులో తెల్లవారుజామున 17 డిగ్రీలుంటే లంబసింగిలో 11 ఉండాలి. అక్కడ మూడు, నాలుగు డిగ్రీలకు దిగిన రోజులూ ఉన్నాయి. (పత్రికల్లో వచ్చే ఈ చలి అంకెలు తరచు చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనవే.) ఎత్తు లెక్కకు అందని ఆ ఏడెనిమిది డిగ్రీలను తగ్గించేవి నిర్మలమైన ఆకాశం, పల్లపు నేల.

పగలు పీల్చుకున్న వేడిని భూమి రాత్రి ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే అందులో కొంత తిరిగి కిందికి వస్తుంది. లేకపోతే పోయింది పోయినట్టే. మిరప రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. కల్లంలో ఆరబోసిన కాయల మీద సాయంత్రం పట్ట కప్పుతాడు. తెల్లారి చూస్తే నీళ్లన్నీ పట్ట మీదే ఉంటాయి, కింద కాయ పొడిగా ఉంటుంది. రాత్రంతా ఆకాశానికి వేడిని వదిలింది పట్ట. తాకిన గాలిలోని తేమ దాని మీదే నీరయింది. లంబసింగిలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. వాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలా కిందికి జారి ఆ పల్లంలో నిలిచిపోతుంది. గాలి వీచని రాత్రయితే అది కదిలేదే లేదు. ఈ ఊరికి స్థానికులు వాడే మరో పేరు కొర్రబయలు. ఆరుబయట ఉన్నవాడు కొర్రులా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు.

హిమం కురవాలంటే మబ్బు కావాలి. మబ్బుంటే రాత్రి వెచ్చబడుతుంది. లంబసింగి చలికి మూలమే మబ్బు లేకపోవడం కాబట్టి మబ్బూ, ఆ చలీ అక్కడ కలవవు. పైగా ఈ అక్షాంశాల్లో శీతకాలంలోనూ సున్నా డిగ్రీల మట్టం నాలుగు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. జిల్లాలోని శిఖరాలేవీ 1,700 మీటర్లు దాటవు. పైన పుట్టిన హిమకణం కిందికి చేరేలోగా వానచుక్క అయిపోతుంది. అప్పుడప్పుడు గడ్డి మీద ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లటి పొర కురిసింది కాదు, అక్కడికక్కడే గడ్డకట్టిన తేమ. ఉష్ణమాపకాన్ని నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున పెడతారు. అది రెండు, మూడు డిగ్రీలు చూపుతున్నప్పుడు నేలనంటిన గడ్డిపోచ సున్నాకు దిగి ఉండవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి మబ్బు పట్టిన వారంలో వెళ్లినవారికి ఇదీ కనపడదు.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద కనిపించే ‘మేఘాల సముద్రం’ కూడా ఈ చల్లగాలి పనే. లోయలో చల్లగాలి, దాని పైన వెచ్చటి గాలి. ఆ వెచ్చటి పొర మూతలా పనిచేస్తుంది. వానలకు తడిసిన నేల నుంచి వచ్చిన తేమ మూత కిందే పొగమంచుగా నిలుస్తుంది. చీకట్లోనే కొండెక్కినవారు ఆ మూతకు పైన ఉంటారు, అందుకే తెల్లటి పొర సముద్రంలా కాళ్ల కింద పరుచుకుంటుంది. సూర్యుడు నేలను వేడి చేయగానే మూత చెదురుతుంది. పొద్దెక్కి వచ్చినవారికి మిగిలేది మామూలు లోయ. జనవరిలో కృష్ణ ఒడ్డున తుళ్లూరు పొలాలను కమ్మేదీ ఇదే పొగమంచు. అక్కడ పైనుంచి చూడటానికి అంత ఎత్తైన కొండ లేదు, అంతే తేడా.

విశాఖ నుంచి అరకు వైపు వెళ్లే రైలు కూడా దాదాపు లంబసింగి అంత ఎత్తుకే ఎక్కుతుంది, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ మీదుగా వెళ్తుంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తైనది. దారిలోని బొర్రా గుహల్లో డిసెంబరులోనూ వెచ్చగా ఉంటుంది, రాతి లోపలికి చలీ ఎండా చేరవు కనుక. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ తోటల్లో పెంచే సిల్వర్ ఓక్ చెట్లు పగలు నీడనివ్వడమే కాక, రాత్రి మొక్కల వేడి ఆకాశానికి పోకుండా కల్లం మీది పట్టలా అడ్డుకుంటాయి.

ఈ కొండల్లో బస చేసేవారు చలికి భయపడి గదిలోకో, గుడారంలోకో బొగ్గుల కుంపటి తెచ్చుకుంటారు. మూసిన చోట బొగ్గు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ విడుదలవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు రగ్గులు ఎక్కువ తెచ్చుకోవాలి. నెగడు మాత్రం ఆరుబయటే ఉండాలి.