చుక్కతో కొలిచిన అలిఫ్

మా మదరసాలో చదివిన ఒక అమ్మాయి ప్రస్తుతం హైదరాబాదులో పుస్తకాలకు బొమ్మలు వేసే విద్య అభ్యసిస్తున్నది. సెలవులకు వచ్చినపుడు, "హజ్రత్, కంప్యూటరే బొమ్మలు గీస్తుంటే ఇక నా చేయి ఎందుకు? చదువు మానేస్తాను" అన్నది. మాకు సమాధానం తోచలేదు.

గత నెల మళ్ళీ వచ్చి, తమ కళాశాలకు విచ్చేసిన ఒక వృద్ధ ఖత్తాత్ సాహెబ్ గురించి చెప్పింది. ఆయన పూర్వం ఒక ఉర్దూ పత్రికలో కాతిబ్. కంప్యూటర్ రాకతో ఆ కొలువు పోయినవారు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదట. రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కి, ఒక నుఖ్తా పెట్టి, ఆ చుక్కతోనే అలిఫ్ ఎత్తును కొలిచి చూపారు. అబ్బాసీయుల వజీరు ఇబ్ను ముఖ్లా (మరణం 940) పేరిట ప్రసిద్ధమైన పద్ధతి ఇది. కలం వెడల్పు మారితే చుక్క మారుతుంది, చుక్కతో అక్షరమంతా మారుతుంది. ఇన్నేళ్ళుగా అలిఫ్ నేర్పుతున్న మేము, దానిని ఇలా కొలవవచ్చునని ఏ బిడ్డకూ చెప్పలేదు.

"కొలువు పోయాక ఏం చేశారు?" అని ఈమె అడిగిందట.

"రాస్తూనే ఉన్నానమ్మా. ఇప్పుడు తొందర పెట్టేవారు లేరు" అన్నారట ఆయన.

ఆమె చదువు మానలేదు. తాను గీసే చెట్ల కొమ్మలను కుంచె వెడల్పుతో కొలుస్తున్నది. రెండు బొమ్మలు చూపింది. మొదటిది మాకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాము. రెండవదానిని మా తరగతి గోడకు అంటించాము.