తెర మీద తెలుగు: సదస్సు ప్రసంగాలకు స్లైడ్ల తయారీ

సదస్సులలో పత్రం సమర్పించేవారు వెంట స్లైడ్లు తేవడం ఇప్పుడు మామూలయింది. అయితే వ్యాసంలోని పేరాలను యథాతథంగా తెర మీదికి ఎక్కిస్తే సభికులకు రెండు పనులు పడతాయి. తెర చదివితే వక్త మాట వినపడదు. మాట వింటే తెర అందదు.

మన సభలకు మరొక ప్రత్యేకత ఉంది. యానాంలో తెలుగు చదవగలవారికి కొదవ లేదు. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో తరతరాలుగా స్థిరపడినవారిలో మాత్రం ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో అక్కడి భాష చదువుకున్నవారు ఎందరో ఉన్నారు. వారికి తెలుగు వింటే తెలుస్తుంది, చూస్తే తెలియదు. అక్షరాలతో నిండిన తెర వారికి గోడతో సమానం. కనుక తెర మీద రాసిన ప్రతి మాటనూ వక్త నోటితో చెప్పాలన్నది మా మొదటి సూచన.

రెండవది, ఒక స్లైడుకు ఒకే విషయం. శీర్షికే ఆ విషయాన్ని వాక్యంగా చెప్పాలి. 'తంజావూరు నాయకరాజుల సాహిత్యసేవ' అంటే ఏమి చెప్పబోతున్నామో తెలియదు. 'తంజావూరులో రాజే యక్షగానాలు రాశాడు' అంటే వెంటనే తెలుస్తుంది. దాని కింద విజయరాఘవ నాయకుని పేరు, పాలనాకాలం (1634–1673), తంజావూరును చూపే పటం చాలు. ఆయన ఆస్థాన కవయిత్రి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసము'ను వేరొక స్లైడుకు ఉంచాలి. పటంలో ఊరి పేరును తెలుగుతోపాటు స్థానిక లిపిలోనూ వేస్తే లిపి రానివారికి ఆసరాగా ఉంటుంది.

మూడవది, అక్షరం. తెలుగులో గుడులు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి. 'రాష్ట్రం' వంటి మాటలో రెండు ఒత్తులు చేరతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మన వరుసలకు చాలదు; పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. వరుసల ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచి, అక్షరం 32 పాయింట్లకు తగ్గకుండా, వరుసలు ఐదుకు మించకుండా చూసుకోవడం మేలు. సభకు ముందే ఆఖరి వరుసలో కూర్చుని ఒకసారి చదివి చూడాలి.

నాలుగవది, ఫాంటు. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినది, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. సభ జరిగే చోట అది ఉంటుందన్న భరోసా లేదు. యూనికోడులో 1991 నాటి తొలి కూర్పు నుండే తెలుగు ఉంది. అందులోనే టైపు చేసి, ఫాంటును ఇమిడ్చిన పి.డి.ఎఫ్. ప్రతిని కూడా వెంట తీసుకువెళ్లాలి.

చివరగా, సభకు ముందు ఇంట్లో తెలుగు లిపి రాని ఒకరిని కూర్చోబెట్టి ప్రసంగం వినిపించి, స్లైడ్లు చూపమని మా సలహా. ఎక్కడ అందలేదో వారే చెబుతారు. మార్చవలసిన స్లైడు అదే.